ఎగిరింది బొమ్మ... నమ్మించింది మనిషి

అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో, ఒహైయో నది ఒడ్డున మెట్రోపొలిస్ అనే చిన్న పట్టణం ఉంది. కథల్లో సూపర్‌మ్యాన్ ఉండే మహానగరం పేరూ అదే కావడంతో ఆ ఊరివాళ్లు అతణ్ని తమవాణ్ని చేసేసుకున్నారు. 1993లో 15 అడుగుల కంచు విగ్రహం నిలబెట్టారు. ఏటా జూన్‌లో అక్కడ జరిగే సంబరాలకు అభిమానులు నీలం చొక్కా, ఎర్ర కేప్ తగిలించుకుని దిగిపోతారు. తాతలూ ఉంటారు, చంకనెక్కిన పసివాళ్లూ ఉంటారు. ఛాతీ మీది ఎస్ అక్షరం దగ్గర అందరిదీ ఒకటే మాట. అసలైన సూపర్‌మ్యాన్ ఎవరన్న ప్రశ్న వచ్చిందా, ఎవరి దారి వారిదే.

క్రిస్టఫర్ రీవ్ తర్వాత ఆ బట్టలు మడిచి బీరువాలో పెట్టేయాల్సిందని ఒకరంటారు. టీవీ కార్టూన్‌లో విన్న గొంతే అసలు గొంతని ఇంకొకరు. హెన్రీ కావిల్ నిలబడితే దేవుడు దిగివచ్చినట్టుంటుందని ఒకరు, మనసారా నవ్వనివాడు సూపర్‌మ్యాన్ ఎలా అవుతాడని మరొకరు. పాత సినిమాల రుచి మరిగినవాళ్లు మాత్రం తిన్నగా 1941కి వెళ్లి అక్కడే ఆగిపోతారు. ఫ్లైషర్ సోదరులు గీయించిన బొమ్మ ముందు తర్వాత వచ్చినవన్నీ వాళ్లకు నకళ్లే.

బయటివాళ్లకు ఇది పొద్దుపోని పంచాయితీలా అనిపించొచ్చు. నాకు అనిపించదు. ఒకే పాత్రను ఎనభై ఏళ్లుగా ఒకపక్క గీస్తూ, మరోపక్క నటిస్తూ వచ్చిన సందర్భాలు ప్రపంచంలోనే బహు తక్కువ. గీతకు ఏది చేతనవుతుంది, మనిషి ఒంటికి ఏది చేతనవుతుంది అన్నది తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు. నా తీర్పు దాచుకోను. ఆకాశంలో గెలిచింది బొమ్మ, గదిలో గెలిచింది మనిషి. ఎందుకంటున్నానో చెప్పాలంటే మొదట్నుంచీ రావాలి.

గెంతేవాడు ఎగరడం నేర్చాడు

క్లీవ్‌లాండ్ నగరంలో ఒకే బడిలో చదువుకున్న యూదు కుర్రాళ్లిద్దరిలో జెర్రీ సీగెల్ రాశాడు, జో షుస్టర్ గీశాడు. 1938లో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో సూపర్‌మ్యాన్ అచ్చయ్యాడు. హక్కులన్నీ రాసిచ్చేసినందుకు ఆ ఇద్దరికీ కలిపి ముట్టింది 130 డాలర్లు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. ఎప్పుడు తలుచుకున్నా మనసు చివుక్కుమనే సంగతి అది.

ఆ మొదటి సంచికలో అతనికి ఎగరడం రాదు. ఇరవై అంతస్తుల భవనాన్ని దూకి దాటగలడు, ఎక్స్‌ప్రెస్ రైలును దాటిపోగలడు, ఒక్క గెంతులో మైలులో ఎనిమిదో వంతు దూరం దాటగలడు. 1940లో మొదలైన రేడియో నాటకంలో గాలి హోరు వినిపించి, ఎగురుతున్నాడని శ్రోతల్ని నమ్మించారు. కళ్లకు కట్టించే భారం మాత్రం కార్టూన్ మీద పడింది.

ప్యారమౌంట్ సంస్థ మాక్స్, డేవ్ ఫ్లైషర్ సోదరులను ఆశ్రయించింది. బెట్టీ బూప్, పొపాయ్ చిత్రాలు తీసిన స్టూడియో వాళ్లది. గొట్టాల్లాంటి చేతులు, బంతుల్లాంటి ముఖాలు గీసే చోట మనిషిని మనిషిలా గీసి కదిలించాలంటే ఎంత చాకిరో డేవ్‌కు తెలుసు. ఈ పని తప్పించుకోవాలని ఒక్కో చిత్రానికి లక్ష డాలర్లు అడిగాడు. అప్పట్లో పొపాయ్ చిత్రానికయ్యే ఖర్చుకు అది దాదాపు నాలుగు రెట్లు. ప్యారమౌంట్ వాళ్లు వెనక్కి తగ్గలేదు. బేరమాడి మొదటిదానికి 50 వేలు, తర్వాతి వాటికి 30 వేల చొప్పున ఖాయం చేశారు. 1941 సెప్టెంబరులో విడుదలైన మొదటి చిత్రానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 1943 దాకా మొత్తం 17 వచ్చాయి. తొలి తొమ్మిది ఫ్లైషర్ల చేతి మీదుగా, మిగతా ఎనిమిది వాళ్లను పక్కకు తప్పించాక ప్యారమౌంట్ నడిపిన ఫేమస్ స్టూడియోస్ నుంచి. మొదట్లో కామిక్స్‌లో ఉన్నట్టే గెంతించి చూశారని, అంతటి బలశాలి తెరమీద గెంతులేస్తుంటే ఎబ్బెట్టుగా ఉందని ఎగరనిచ్చారని చెబుతారు.

వాటిలో ‘ది మెకానికల్ మాన్‌స్టర్స్’ను కాస్త దగ్గరగా చూద్దాం. రెక్కలు చాచి ఎగిరే ఇనుప మరమనుషులు ఊరిమీద పడి దోచుకుంటుంటాయి. నగల ప్రదర్శనకు వచ్చిన ఒకదాని పొట్టలో విలేకరి లోయిస్ లేన్ దూరి కూర్చుంటుంది. విలేకరి వేషంలో తిరిగే క్లార్క్ కెంట్ టెలిఫోన్ బూత్‌లోకి వెళ్లి సూపర్‌మ్యాన్‌గా బయటికొస్తాడు. తర్వాతి తరాలన్నీ అనుకరించిన ఆ వేషం మార్పు తెరకెక్కింది ఇక్కడే. ఎగురుతున్న మరమనిషి మీద అతనికి పట్టు దొరికిందో లేదో అది ఒరిగిపోతుంది. జారి కరెంటు తీగల మీద పడతాడు. తీగలు సాగుతాయి, ఒంటికి చుట్టుకుంటాయి, మెరుపులు చిమ్ముతాయి. చివర్లో సలసల కాగే లోహం మీదికి దొర్లుతుంటే లోయిస్‌ను కేప్ చాటున పెట్టుకుని తాను అడ్డం నిలుస్తాడు. ఒకపక్క మండే ఎరుపు, మరోపక్క కాటుక నలుపు, రెండిటి మధ్యా ఒక గుడ్డ. మొదటి చిత్రంలోనైతే మీదికి దూసుకొచ్చే కిరణాన్నే పిడికిళ్లతో గుద్దుతూ, దెబ్బ దెబ్బకూ వెనక్కి నెట్టుకుంటూ పోతాడు. వెలుతురును గుప్పిట బిగించి కొట్టడం! అది కాగితం మీద పెన్సిల్ పట్టినవాడికే తడుతుంది.

కార్టూన్‌ను తేలిగ్గా తీసేసేవాళ్లు ఇక్కడ ఒక సంగతి పట్టించుకోరు. ఆ బొమ్మ కష్టపడుతుంది. బరువెత్తితే వీపు వంగుతుంది, దెబ్బ తగిలితే నిలదొక్కుకోవడానికి క్షణం పడుతుంది. నటుడికి బరువు పుట్టుకతోనే ఉంది, దాన్ని దాచడమే సినిమావాళ్ల పని. బొమ్మకు బరువు లేదు, దాన్ని పుట్టించడం గీసేవాళ్ల పని. ఈ రెండో పని మొదటిదానికంటే తక్కువదేమీ కాదు. జపాన్ యానిమేషన్ మహాదర్శకుడు హయావో మియాజాకి చిత్రాల్లోని మరమనుషుల్లో ఈ ఇనుప రాక్షసుల పోలిక ఇట్టే తెలిసిపోతుంది. ఎనభై ఏళ్లు దాటినా సూపర్‌మ్యాన్ బలాన్ని ఇంతకంటే అందంగా చూపించిన సినిమా రాలేదన్నది నా అభిప్రాయం. దీనిమీద ఎంతసేపైనా వాదిస్తాను.

ఎగరాల్సి వస్తే కార్టూన్, దిగితే మనిషి

1948లో కొలంబియా సంస్థ 15 భాగాల సీరియల్ తీసింది. కిర్క్ ఆలిన్ వేషం కట్టాడు. ఎగరాల్సిన చోట నటుడు ఒక్క ఎగురు ఎగరగానే తెరమీద కార్టూన్ బొమ్మ ప్రత్యక్షమై గాల్లో సాగిపోతుంది. దిగేటప్పుడు ఏ బండచాటునో దిగుతుంది, అవతలి నుంచి ఆలిన్ నడిచొస్తాడు. ఇప్పుడు చూస్తే ఆ అతుకు స్పష్టంగా కనబడుతుంది. అయినా ఈ సీరియల్‌ను గుర్తుపెట్టుకోవాలి. మనుషులతో తీసే సూపర్‌మ్యాన్ సినిమాకు చేతకానిచోట బొమ్మను పిలవడం అక్కడ మొదలైంది, ఇప్పటికీ ఆగలేదు.

1952 నుంచి 1958 దాకా టీవీలో 104 భాగాలు నడిచిన ‘అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మ్యాన్’లో జార్జ్ రీవ్స్ స్ప్రింగు పలక మీంచి కిటికీ బయటికి దూకేవాడు. నలుపు తెలుపు రోజుల్లో నీలం, ఎరుపు కలిసిపోయి కనిపిస్తాయని బూడిద, గోధుమ రంగు బట్టలు తొడిగారు. రీవ్స్ క్లార్క్ కెంట్ పిరికివాడు కాదు, దమ్మున్న విలేకరి. ఆ తరం పిల్లలకు అతనే సూపర్‌మ్యాన్. ఎగరడం సంగతి వాళ్లెవరూ అడగలేదు.

లోయిస్ ఇంట్లో

1977లో ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో దర్శకుడు రిచర్డ్ డానర్ పట్టిన పట్టు ఒక్కటే, చూసేవాడు నమ్మాలి. బొమ్మను విసిరి చూశారు, రిమోట్‌తో ఎగిరే నమూనాలు వాడి చూశారు, కార్టూన్ గీయించి కూడా చూశారు. ఏదీ ఆనలేదు. చివరికి జొరాన్ పెరిసిచ్ అనే సాంకేతిక నిపుణుడు దారి చూపాడు. వెనక తెరమీద ఆకాశాన్ని చూపే ప్రొజెక్టర్‌కూ, ముందున్న కెమెరాకూ జూమ్ లెన్సులు పెట్టి రెండూ ఒకేసారి కదిలేలా జోడించాడు. వెనక ఆకాశం ఉన్నంతే ఉంటుంది. ముందు వేలాడుతున్న నటుడు మాత్రం అంగుళం కదలకుండానే మన మీదికి దూసుకొస్తాడు. నీలం తెరమీద నీలం దుస్తులు మాయమైపోతుంటే, ఆ సన్నివేశాలకు దుస్తుల రంగు ఒక పిసరు ఆకుపచ్చ వైపు మార్చారు. మనిషి ఎగరగలడని మీరే నమ్ముతారంటూ పోస్టర్ల మీదే వేసుకున్నారు. 1978 డిసెంబరులో జనం చూశారు, నమ్మారు. విజువల్ ఎఫెక్ట్స్‌కు ప్రత్యేక ఆస్కార్ కూడా వచ్చింది.

ఇంత చేసినా, ఆ సినిమాను బతికిస్తున్నది మాత్రం ఎగిరే సన్నివేశాలు కావంటాను. క్రిస్టఫర్ రీవ్ అప్పటికి పెద్దగా పేరు లేని నాటకాల కుర్రాడు. టైటిల్స్‌లో మార్లన్ బ్రాండో, జీన్ హాక్‌మన్‌ల తర్వాత మూడో పేరు అతనిది. దుస్తుల కింద దూది కండలు పెడతామంటే వద్దని, ‘స్టార్ వార్స్’లో డార్త్ వేడర్ వేషం కట్టిన డేవిడ్ ప్రౌజ్ దగ్గర కసరత్తు చేసి ఒళ్లు పెంచాడు. క్లార్క్ తడబాటుకు పాత హాస్య చిత్రంలోని కేరీ గ్రాంట్‌ను ఆదర్శంగా పెట్టుకున్నాడు. ఆ తయారీ అంతా ఒక్కచోట పండింది.

సూపర్‌మ్యాన్‌తో ఆకాశమంతా తిరిగొచ్చిన లోయిస్ ఇంకా ఆ మైకంలోనే ఉంటుంది. ఇంతలో భోజనానికి తీసుకెళ్తానన్న క్లార్క్ తలుపు తడతాడు. ఆమె లోపలికి వెళ్తుంది. అతనొక్కడే హాల్లో మిగులుతాడు. కళ్లజోడు తీస్తాడు. అంతవరకూ ముందుకు వాలి ఉన్న భుజాలు వెనక్కి వెళ్తాయి. మెడ నిటారవుతుంది. మనిషి జానెడు పొడవు పెరిగినట్టు కనిపిస్తాడు. గొంతు దిగుతుంది. నిజం చెప్పేద్దామని నోరు తెరుస్తాడు. ఆమె తిరిగొచ్చేసరికి ధైర్యం చాలదు. జోడు మళ్లీ ముక్కెక్కుతుంది, భుజాలు కుంగిపోతాయి, వెనకటి క్లార్కే మిగులుతాడు. తీగ లేదు, తెర లేదు, ప్రొజెక్టర్ లేదు. వెన్నెముక ఒక్కటే. కళ్లజోడు పెట్టుకుంటే ఎవరూ గుర్తుపట్టరా అని కామిక్స్‌ను నిలదీసిన ప్రతి ఒక్కరికీ రీవ్ ఆ కొన్ని క్షణాల్లో జవాబిచ్చేశాడు.

దీన్ని గీయగలమా? ప్రయత్నించవచ్చు. కానీ గీసిన క్లార్క్, గీసిన సూపర్‌మ్యాన్ ఎలాగూ వేర్వేరు బొమ్మలే. ఒకటి ఇంకొకటిగా మారితే మనం ఆశ్చర్యపోం. ఒకే ఎముకలు, ఒకే చర్మం ఉన్న మనిషి మన కళ్లముందే ఇద్దరైతేనే ఒళ్లు జలదరిస్తుంది.

ఒక ముఖం ఒక పాత్రకు అతుక్కుపోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. 1957లో ‘మాయాబజార్’ వచ్చాక కృష్ణుడంటే ఎన్టీఆరే. ఎంత గొప్ప చిత్రకారుడు గీసినా మన మనసు ఆ ముఖంతోనే పోల్చి చూస్తుంది. అమెరికావాళ్లకు రీవ్ అలాంటివాడు. అన్నట్టు అదే ఎన్టీఆర్ 1980లో వి.మధుసూదనరావు దర్శకత్వంలో ‘సూపర్‌మేన్’గానూ వచ్చాడు, జయప్రద నాయిక. మన సూపర్‌మేన్‌కు అమెరికా సూపర్‌మ్యాన్ పుట్టిన క్రిప్టాన్ గ్రహంతో పనిలేదు, బలం ఆంజనేయుడి వరం. ఆకాశానికి ఎగిరి సూర్యుణ్ని పట్టబోయినవాడు మన పురాణాల్లో ఉండగా ఇంకో గ్రహం దాకా వెళ్లాల్సిన అవసరం ఆ కథకులకు కనిపించలేదు.

గొంతుకున్న బలం

ఇక్కడి దాకా చదివి కార్టూన్ అభిమానులు నామీద కత్తి దూసి ఉంటారు. వాళ్ల పక్షాన చెప్పాల్సింది చాలా ఉంది. రీవ్ వెన్నెముకతో చేసిన పని 1940లోనే ఒకాయన గొంతుతో చేశాడు. రేడియోలోనూ, ఫ్లైషర్ల చిత్రాల్లోనూ సూపర్‌మ్యాన్‌కు గొంతిచ్చిన బడ్ కాలియర్ క్లార్క్‌గా ఉన్నప్పుడు పై స్థాయిలో మాట్లాడేవాడు. బట్టలు మార్చుకునే వేళ అదే వాక్యం నడుమ గొంతు గభాలున కిందికి దింపేవాడు. శ్రోతకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు, ఎవరొచ్చారో తెలిసిపోయేది. ఆ దారి వేసింది గొంతు నటులే. రీవ్ ఆ దారిన వచ్చినవాడు.

1996లో బ్రూస్ టిమ్, పాల్ డీని, అలన్ బర్నెట్‌ల బృందం ‘సూపర్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్’ మొదలుపెట్టింది. టిమ్ డేలీ గొంతు. 54 భాగాలు. వాళ్లు చేసిన తెలివైన పని బలం తగ్గించడం. వీళ్ల సూపర్‌మ్యాన్ దెబ్బ తింటాడు, పడతాడు, రొప్పుతాడు. దవడ నలుపలకలు, గీతలు తక్కువ, రంగులు పలచన. ఆ తర్వాత జార్జ్ న్యూబర్న్ గొంతుతో ‘జస్టిస్ లీగ్’ వచ్చింది. కార్టూన్ నెట్‌వర్క్ చూస్తూ పెరిగిన మన కుర్రకారుకు సూపర్‌మ్యాన్ పరిచయమైంది చాలావరకు ఇక్కడే.

ఆ వరసకు 2006లో వచ్చిన ముగింపు భాగంలో పరమ దుష్టుడైన డార్క్‌సైడ్‌తో పోరు ఉంది. కార్టూన్ అభిమానులు దాన్ని తలుచుకోకుండా మాట ముగించరు. దెబ్బలాట నడుమ సూపర్‌మ్యాన్ కాసేపు ఆగి తన జీవితం ఎలా ఉంటుందో చెబుతాడు. తనకు లోకమంతా అట్టముక్కలతో కట్టినట్టుంటుందట. ఏది ముట్టుకుంటే ఏది చిరుగుతుందో, ఎవరి ప్రాణం పోతుందో అని క్షణక్షణం చేయి బిగబట్టుకుని బతకాలి. ఎదుట నిలిచినవాడు తట్టుకోగలడు కాబట్టి ఇవాళ ఒక్కసారి బిగువు వదులుతానంటాడు. ఆపైన కొట్టిన దెబ్బకు డార్క్‌సైడ్ భవనాలన్నిటిలోంచీ దూసుకుపోతాడు. ఒక సినిమా అంతా చెప్పలేని మాటను కార్టూన్ కాసేపట్లో చెప్పేసింది. సూపర్‌మ్యాన్ గొప్పతనం అతను కొట్టే దెబ్బలో లేదు, రోజూ కొట్టకుండా ఆపుకునే దెబ్బలో ఉంది.

మెడ విరిచిన సినిమా

అందుకే 2013లో జాక్ స్నైడర్ ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ వచ్చినప్పుడు అభిమానులు రెండుగా చీలిపోయారు. ఆ గాయం ఇంకా మానలేదు. సినిమాలో గొప్ప క్షణాలున్నాయి. మంచు నేలమీద హెన్రీ కావిల్ మొదట గెంతుతాడు, పడతాడు, మళ్లీ గెంతుతాడు. ఆపైనే ఎగురుతాడు. 1938 నుంచి 1941 దాకా సాగిన ప్రయాణమంతా ఆ ఒక్క సన్నివేశంలో ఉంది. కానీ చివరి గంటలో నగరం కుప్పకూలుతుంది. కింద జనం ఉన్నారన్న స్పృహ హీరోకు ఉన్నట్టే కనిపించదు. రైల్వే స్టేషన్‌లో ఒక కుటుంబాన్ని కాపాడటానికి వేరే దారి లేక ప్రతినాయకుడు జోడ్ మెడ విరిచేస్తాడు, మోకాళ్ల మీద కూలబడి అరుస్తాడు. ఆ అరుపులో కావిల్ నిజాయితీ ఉంది. నా ఫిర్యాదు చంపడం మీద కాదు. అంతకుముందు గంటసేపు కింది జనాన్ని పట్టించుకున్నట్టే కనిపించని మనిషి ఆ ఒక్క కుటుంబం కోసం కుమిలిపోతే ఎలా నమ్మను?

విచిత్రమేమిటంటే అంతకు ఏడాది ముందు, 2012లోనే, ‘సూపర్‌మ్యాన్ వర్సెస్ ది ఎలీట్’ అనే యానిమేషన్ చిత్రం సూపర్‌మ్యాన్ చంపవచ్చా అన్న ప్రశ్నకు జవాబు చెప్పింది. నేరస్థుల్ని అక్కడికక్కడే చంపేసే కొత్త ముఠాకు జనం జేజేలు కొడుతుంటారు. సూపర్‌మ్యాన్ పాతకాలపువాడని ఎగతాళి చేస్తారు. చివర్లో అతను నిజంగానే చంపడం మొదలుపెట్టాడని అందరూ అనుకునేలా ఒక నాటకం ఆడతాడు. ఆ కళ్లు, ఆ గొంతు చూసి జనం వణికిపోతారు. తాము కోరుకున్నది ఎంత భయంకరమైనదో అప్పుడు తెలిసొస్తుంది. ఎవరూ చావలేదని తర్వాత బయటపడుతుంది. నేరుగా వీడియోకి వచ్చిన బొమ్మల చిత్రం ఆలోచనలో అంత పెద్ద సినిమాను దాటిపోయింది.

ఎర్ర నిక్కరు, లేని మీసం

కాగితం మీద బాగున్నది గుడ్డ మీద బాగుండదన్న సంగతి ఎర్ర నిక్కరు దగ్గర తేలుతుంది. సర్కస్ వస్తాదుల దుస్తుల నుంచి వచ్చిన ఆ నిక్కరు కామిక్స్‌లో, కార్టూన్‌లో కంటికి హాయిగా ఉంటుంది. నీలం మధ్య ఎరుపు పడి ఒళ్లు ఎక్కడ మలుపు తిరిగిందో తెలుస్తుంది. అదే నటుడికి తొడిగితే నవ్వుతారేమోనని భయం. కావిల్‌కు నిక్కరు తీసేసి పొలుసుల్లాంటి ముదురు రంగు దుస్తులు వేశారు. 2025లో జేమ్స్ గన్ తీసిన ‘సూపర్‌మ్యాన్’లో డేవిడ్ కొరెన్స్‌వెట్‌తో నిక్కరు తిరిగొచ్చింది. పిల్లలు తనను చూసి భయపడకూడదని కొరెన్స్‌వెట్ అన్న మాటే తనను ఒప్పించిందని గన్ చెప్పాడు. బలవంతుడు కాస్త నవ్వులాటగా కనిపించడానికి సిద్ధపడటం కూడా ఒక మంచితనమే. ఆ నటుడు పాత్రను అర్థం చేసుకున్నాడు.

ఇంకో సంగతి మీసం. 2017 ‘జస్టిస్ లీగ్’ సినిమాకు మళ్లీ కొన్ని సన్నివేశాలు తీయాల్సి వచ్చింది. అప్పటికి కావిల్ ‘మిషన్ ఇంపాజిబుల్’ కోసం మీసం పెంచి ఉన్నాడు, తీయడానికి వీల్లేదు. కంప్యూటర్‌తో చెరిపేశారు. ప్రేక్షకుడు మొదటి చూపులోనే పట్టేశాడు. పై పెదవి కదలాల్సినట్టు కదల్లేదు, అంతే. 2006లో ‘సూపర్‌మ్యాన్ రిటర్న్స్’ నుంచీ ఆకాశంలో కనిపించే శరీరం చాలా షాట్లలో కంప్యూటర్ బొమ్మే. 1948 నాటి అతుకు ఇప్పుడు కనబడనంత నున్నగా అయింది తప్ప పద్ధతి అదే. గాల్లో బొమ్మ ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు. పెదవి మీద బొమ్మ ఉంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. యానిమేషనా, లైవ్ యాక్షనా అన్న వాదనకు గీత ఎక్కడుందో ఆ పై పెదవి చూపించేసింది.

గత కొన్నేళ్లుగా రెండు పక్కలా రాకపోకలు పెరిగాయి. 2023లో మొదలైన ‘మై అడ్వెంచర్స్ విత్ సూపర్‌మ్యాన్’ జపాన్ ఛాయలున్న కార్టూన్. జాక్ క్వెయిడ్ గొంతిచ్చిన అందులోని క్లార్క్ సిగ్గరి, మొహమాటస్తుడు, లోయిస్ దగ్గర మాటలు తడబడేవాడు. రీవ్ సినిమా నుంచి కార్టూన్ నేర్చుకున్న పాఠం అది. గన్ సినిమా కార్టూన్ నుంచి నేర్చుకుంది. మంచులో నెత్తురోడుతూ పడి ఉన్న హీరో ఈల వేస్తే క్రిప్టో అనే కుక్క వచ్చి ఈడ్చుకుపోతుంది. ఆ కుక్క ఆసాంతం గ్రాఫిక్సే. మహాకాయ మృగంతో పోరాడుతూనే అతను ఒక ఉడుతను తీసుకెళ్లి పక్కన దింపుతాడు. కొందరు ముఖం చిట్లించారు. ఫ్లైషర్ల కేప్ కింద లోయిస్‌ను చూసినవాళ్లకు మాత్రం అతను ఎవరి వారసుడో తెలుస్తుంది.

అయినా ఆ సినిమాలో నాకు అన్నిటికంటే మిన్నగా తోచింది ఉడుత కాదు, యుద్ధం కాదు. లోయిస్ ఇంట్లో ఆమె రికార్డర్ పెట్టి అతణ్ని సూపర్‌మ్యాన్‌గా ఇంటర్వ్యూ చేస్తుంది. ప్రేయసి కాస్తా విలేకరి అయ్యేసరికి అతనికి ఉక్రోషం వస్తుంది, గొంతు లేస్తుంది, తనకు తానే సర్దుకోబోయి మళ్లీ జారుతాడు. రేచల్ బ్రాస్నహాన్, కొరెన్స్‌వెట్ ఇద్దరూ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకోవడం తప్ప అందులో ఏమీ లేదు. 1978లో గెలిచిన చోటే, లోయిస్ ఇంట్లోనే, 2025 సినిమా కూడా గెలిచింది. ఈ మాట మీద కార్టూన్ మిత్రులు నాతో పోట్లాడినా సరే, మార్చుకోను.

ఎవరి పక్షమో తేల్చుకోవాలనుకునే పాఠకులకు ఒక్క మనవి. ఫ్లైషర్లు మొదలుపెట్టిన ఆ 17 చిత్రాలూ ఇప్పుడు పబ్లిక్ డొమైన్‌లో ఉన్నాయి, పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. ఒక్కోటి పది నిమిషాలకు అటూ ఇటూ. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ‘ది మెకానికల్ మాన్‌స్టర్స్’ చూడండి. ఆ వారంలోనే 1978 సినిమా చూడండి. కళ్లజోడు తీసే సన్నివేశం దగ్గర ఫోన్ పక్కన పెట్టేయండి. ఈ రెండూ చూశాక ఎవరి తీర్పు ఏదైనా నాకు సమ్మతమే.